వంటింటికి తగిలించిన ఇల్లు

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీలయ్యాక లారీ మీద ఇల్లు వస్తుంది. వెనక సందులో నిలబడిన క్రేను దాన్ని ప్రహరీ మీదుగా ఎత్తి పెరట్లో దించుతుంది. సాయంత్రానికల్లా కోడలు తన సొంత పొయ్యి మీద టీ కాస్తుంది.

"సామాను ఇంటికి రావడం చూశాం గానీ, ఇల్లే సామానులా రావడమేమిట్రా?" అన్నారు అత్తగారు, కబురు విన్న నాటి నుంచి అంటున్నట్టుగానే.

"ఫ్యాక్టరీలో చేస్తారమ్మా. గోడలు, కిటికీలు, మంచం, సింకు అన్నీ బిగించే పంపిస్తారు. నీళ్ల పైపు, కరెంటు కలుపుకుంటే చాలు," అన్నాడు చిన్న కొడుకు.

"మనుషుల్ని కూడా బిగించి పంపిస్తే మీకు ఆ శ్రమా తప్పేది."

నిజానికి పాత ఇంట్లో గదులకు కొదవ లేదు. ఉన్న నలుగురూ తలా ఒక గదిలో పడుకున్నా ఇంకా మిగిలేవి. కొదవంతా వంటింటి దగ్గరే. కోడలు పొయ్యికి కుడివైపు పెట్టిన ఉప్పు డబ్బా మధ్యాహ్నానికి ఎడమవైపుకు చేరేది. ఆమె మళ్లీ కుడికి జరిపేది. సాయంత్రానికి అది మళ్లీ ఎడమన ఉండేది. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. డబ్బా మాత్రం తిరుగుతూనే ఉంది. తను పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉండే అర ఒక్కటి చాలుననుకుంది కోడలు. ఆ ఒక్క అర కోసం నాలుగు గోడలు, పైకప్పు కూడా కొనవలసి వచ్చింది.

ఆ ఇంటికి పట్టిన జబ్బు మర్యాద. ఏది అడిగినా అందరి నోటా ఒకటే మాట: "మీ ఇష్టం." ఫ్యాను వేయాలా ఆపాలా అని అడిగినా అదే జవాబు కావడంతో, హాల్లో ఫ్యాను ఏళ్లుగా సగం వేగంతో తిరుగుతోంది. ఇక పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన బావగారి మర్యాద మరీ ముదిరింది. ఆయన మరదలితో నేరుగా మాట్లాడరు. "కాఫీ ఉందేమో కనుక్కోమ్మా" అని తల్లితో అంటారు. తల్లి దగ్గర లేకపోతే గోడ గడియారంతో అంటారు.

చిన్న కొడుకుది ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగం. పెరటి ప్లాను ముచ్చటగా గీశాడు. పైపులన్నీ అక్కడే ఉన్నాయి కనుక కొత్త ఇంటికి వంటింటి గోడ పక్కనే సిమెంటు దిమ్మెలు కట్టించాడు. తలుపు ఒక్కటే గీయలేదు. అది సందువైపు ఉండాలని భార్య చెవిలో చెప్పింది. "సరే, అమ్మ ముందు కూడా ఓ మాట అనేసెయ్," అన్నాడు. అమ్మ ముందు ఆ మాట అంటే మీకు వీపు చూపిస్తానన్నట్టే కదా! అందుకని అమ్మ ముందు కోడలు, "అత్తయ్యగారి ఇష్టం," అంది. "ఉండబోయేది నువ్వు, నీ ఇష్టం," అన్నారు అత్తగారు. బావగారు గడియారం వైపు తిరిగి, "వాళ్లిద్దరి ఇష్టం," అన్నారు.

ఇల్లు గాల్లో వేలాడుతుండగా క్రేను డ్రైవరు తల బయటపెట్టి, "తలుపు ఎటు పెట్టమంటారు?" అని అరిచాడు.

"మా ఆవిడనడగండి!"

"అత్తయ్యగారినడగండి!"

"పిల్లల ఇష్టం నాయనా!"

డ్రైవరు కాసేపు ఎదురుచూశాడు. మనిషి మంచివాడు. ఇంతగా ఒకరి మాట ఒకరు కాదనని కుటుంబాన్ని చూసి అతని మనసు కరిగింది. ఇలాంటివాళ్ల మధ్య అడ్డు ఉండకూడదనుకుని, కొత్త ఇంటి తలుపును వంటింటి పెరటి తలుపుకు సరిగ్గా ఎదురుగా దించాడు. మధ్యలో జానెడు సందు కూడా లేదు. రైలుపెట్టెకు రైలుపెట్టె తగిలించినట్టు పెద్దింటికి చిన్నిల్లు తగులుకుంది. అందులోకి వెళ్లాలంటే అత్తగారి వంటింట్లోంచి తప్ప వేరే దారి లేదు.

క్రేను వెళ్లిపోయాక భార్యాభర్తలు ఆ తలుపు ముందు నిలబడ్డారు.

"అమ్మే ఇటు పెట్టమందేమో అనుకున్నా," అన్నాడతను.

"మీరు చెప్పారేమో అనుకున్నా. పోనీ, బావగారైనా నోరు విప్పాల్సింది."

"విప్పే ఉంటాడు. గడియారంతో."

అత్తగారు ఈలోగా ఫోనులో చెల్లెలికి చెబుతున్నారు. "వేరు కాపురమంటే అందరూ వీధివైపు తలుపు పెట్టుకుంటారే. మా పిల్ల ఏకంగా నా వంటింట్లోకి పెట్టించుకుంది! దీని మనసు నాకిన్నాళ్లూ తెలియలేదే…" ఆ గొంతులో తడి విని, తలుపు తిప్పించమని చెప్పబోయిన కోడలు నోరు మూసుకుంది.

మర్నాటి నుంచి చిన్నిల్లు నడవ అయిపోయింది. కోడలు టీ పెట్టుకోగానే బావగారు పేపరుతో వచ్చి మడత బల్ల దించుకునేవారు. ఇరుగుపొరుగు చెప్పులు విడిచి వరసగా వచ్చి, ప్రతి సొరుగూ లాగి చూసి, "అబ్బ, అగ్గిపెట్టెలో పట్టే చీరలాగుందే!" అని మెచ్చుకునేవారు. అత్తగారు చిన్నింటి వంటగదిలో స్టూలు వేసుకుని కదలడం మానేశారు.

"ఇటు చెయ్యి చాపితే పొయ్యి, అటు చాపితే నీళ్లు! ఆ పెద్ద వంటింట్లో పంచదార కోసం నడిచిన నడకంతా కలిపితే ఈపాటికి ప్రపంచం చుట్టొచ్చేదాన్నే అమ్మాయ్."

ఇదివరకు ఉప్పు డబ్బా కుడి నుంచి ఎడమకు వెళ్లేది. ఇప్పుడు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తోంది.

ఒక మధ్యాహ్నం పక్కింటావిడ చూడ్డానికి వచ్చింది. గోడలోకి మడిచే మంచం గురించి ఆవిడ చాలా విని ఉంది. మంచం మీద దుప్పట్లు కుప్పగా ఉన్నాయి. "దీన్నేనా ఇలా ఎత్తేది?" అంటూ కింద పిడి పట్టి ఎత్తింది. స్ప్రింగులు మంచివి. మంచం టప్పున గోడలో కలిసిపోయింది. "భలే!" అని ఆవిడ వెళ్లిపోయింది.

కాసేపటికి కోడలు గిన్నెలు సర్దుతుంటే గోడ సన్నగా దగ్గింది.

కోడలి చేతిలో గిన్నె జారింది. గోడ మళ్లీ దగ్గి, మర్యాదగా అంది: "ఇక్కడెవరైనా ఉంటే మా తమ్ముణ్ని ఒకసారి రమ్మని చెప్పాలి."

గొంతు బావగారిది. దుప్పట్ల కింద కునుకు తీస్తున్న సన్నని మనిషిని ఎవరూ గమనించలేదు.

కోడలు సింకుతో, "వారింకా ఆఫీసు నుంచి రాలేదని చెప్పాలి," అంది.

"అమ్మ ఉందేమో కనుక్కోవాలి."

"అత్తయ్యగారు ఎదురింటికి వెళ్లారని చెప్పాలి."

గోడ కాసేపు ఆలోచించింది. "తొందరేం లేదు. ఊపిరాడుతోందని చెప్పాలి."

"పిడి లాగమంటారేమో కనుక్కోవాలి!"

"అది… వారి ఇష్టం."

కోడలు పళ్లు బిగించి పిడి లాగింది. మంచంతో పాటు కిందికి దిగిన బావగారు జుట్టు సర్దుకుని, కిటికీకి కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం భర్త చెప్పులు విడవకముందే ఆమె అడిగేసింది. "ఇల్లు తిప్పిస్తారా, నన్ను మా పుట్టింటికి పంపిస్తారా?"

"నీ ఇ—"

"ఆ మాట అన్నారంటే మిమ్మల్ని కూడా మంచంలో పెట్టి మడిచేస్తాను."

క్రేను మళ్లీ వచ్చింది. దిమ్మెలు సరిచేయడానికని తల్లితో చెప్పాడు చిన్న కొడుకు. ఇల్లు గాల్లోకి లేచింది. డ్రైవరు ఈసారి ఇంజను ఆపేసి మరీ అడిగాడు.

"తలుపు ఎటు? ఒక్కరే చెప్పండి. రెండోవాళ్లు మాట్లాడితే ఇల్లు ఇలాగే వేలాడదీసి భోజనానికి వెళ్లిపోతా."

కోడలు అత్తగారి వైపు చూసింది. వద్దనుకుంటూనే ఆ ముఖంలోని సంతోషాన్ని చూసింది. అయినా చెప్పింది.

"సందువైపు. నాకు… నాకు వేరే తలుపు కావాలి అత్తయ్యా. మీ మీద కోపం కాదు. నా వంటిల్లు నాకు కావాలి, అంతే."

బావగారు ఈసారి గోడ వైపు తిరగలేదు.

"అమ్మయ్య!" అన్నారు అత్తగారు. "ఈ ఇంట్లో ఒకరికైనా నోరొచ్చింది. సందువైపే పెట్టించవయ్యా. కానీ అందులో ఉండేది నేను."

"అమ్మా!" అన్నారు ఇద్దరు కొడుకులూ.

"ఏమిట్రా అమ్మా? ఈ ఇంటికి కాపురానికొచ్చింది మొదలు, ఎవరో ఒకరు కేకేస్తే పరిగెత్తడమే గానీ, నేనుగా ఓ తలుపు వేసుకుని కూర్చున్నదెప్పుడు? అడుగుదామంటే ఈ పిల్ల మోజుపడి నా పక్కనే తలుపు పెట్టించుకుందాయె. మనసు నొచ్చుకుంటుందేమోనని ఊరుకున్నా." కోడలి చెయ్యి పట్టుకున్నారు. "పెద్ద వంటిల్లు నీది తల్లీ. అటూ ఇటూ నడవగలిగే కాళ్లున్నదానివి. ఇక నీ డబ్బాలు ఎక్కడ పెట్టుకుంటావో పెట్టుకో."

కోడలికి కళ్లు చెమర్చాయి. అగ్గిపెట్టెంత వంటిల్లు అడిగితే అంబరమంత వంటిల్లు వచ్చిపడింది. డ్రైవరు కూడా చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, ఇంజను పెట్టి ఇల్లు తిప్పాడు.

మర్నాడు కోడలు తన వంటింట్లో ఒక్కతే నిలబడి టీ కాచింది. ఎందుకో అది ఒక్కతే తాగబుద్ధి కాలేదు. రెండో కప్పు పట్టుకుని, పెరటి తలుపుకు చిన్నింటి వీపు అడ్డు కనుక వీధి గుమ్మం దిగి, ప్రహరీ చుట్టూ తిరిగి, సందువైపు గేటులోంచి వెళ్లి చిన్నింటి తలుపు తట్టింది.

"ఎవరూ?"

"నేనే అత్తయ్యా. టీ తెచ్చాను."

"కిటికీలో పెట్టి వెళ్లమ్మా. ఇప్పుడు పనిలో ఉన్నా."

ఫ్యాక్టరీవాళ్లు ఆ తలుపుకు బిగించిన గడియ చాలా నాణ్యమైనదని కోడలు ఆ సాయంత్రం భర్తతో చెప్పింది.