ఒకే గదిలో ఏడు ఊళ్లు

ఏ గేమ్ విడుదలైనా గంట తిరక్కుండా దాని సమీక్ష తమ పత్రికలో ఉంటుందని చీఫ్ ఎడిటర్ గారు ప్రకటించారు. ప్రకటన అంటే అల్లాటప్పా ప్రకటన కాదు. హాలు బుక్ చేశారు, పూలగుత్తులు తెప్పించారు, వెనక తెర మీద పరిగెత్తే గడియారం బొమ్మ వేయించారు. "నిజం కోసం పాఠకుడు ఎందుకు ఎదురుచూడాలి?" అని ఆయన అడిగారు. నేను వెనక వరసలో కూచుని చప్పట్లు కొట్టాను. వీడియో గేమ్‌ల పత్రికలు చాలా ఉన్నాయి గానీ, ఇంత తొందరలో ఉన్న పత్రిక ఇంకొకటి లేదు.

నేను అక్కడికి వెళ్లింది మా అక్క కోసం. అక్క గేమ్‌లు తయారుచేస్తుంది. ఐదేళ్లు ఒక్కతే కూచుని 'సైకిల్ మీద ఏడు ఊళ్లు' అనే గేమ్ చేసింది. అందులో ఒక అమ్మాయి పొద్దున్నే నిద్రలేచి, బూట్లు వేసుకుని, గది తలుపు తీసి, సైకిలెక్కి ఏడు ఊళ్లు తిరుగుతుంది. నాలుగో ఊళ్లో కుట్టుమిషను దగ్గర మా అమ్మ ఉంటుంది. మొహం అమ్మదే, గొంతూ అమ్మదే. "దారం అయిపోయిందే, కాస్త తెచ్చిపెట్టు" అంటుంది. అమ్మ ఆ గేమ్ ఆడేది నాలుగో ఊరి దాకానే. తనని తాను చూసుకుని, తన దారం తనే తెచ్చుకుని, గేమ్ కట్టేసి లేచేది.

గేమ్ విడుదలైంది. అన్నట్టే గంటలో సమీక్ష వచ్చింది. రాసినవారు సీనియర్ విమర్శకులు. ఏ గేమ్‌కైనా పదికి ఎనిమిదిన్నర ఇస్తారు కాబట్టి అందరూ ఆయన్ని ఎనిమిదిన్నర గారనే పిలుస్తారు. అక్క గేమ్‌లో తలుపు తెరవాలంటే బటన్ నొక్కి కాసేపు పట్టుకోవాలి. ఎనిమిదిన్నర గారు నొక్కారు, వదిలారు. మళ్లీ నొక్కారు, వదిలారు. గంటలో సమీక్ష ఇవ్వాల్సిన మనిషి బటన్ పట్టుకుని కూచుంటే పని జరగదు కదా.

"గేమ్ మొత్తం ఒకే గదిలో సాగుతుంది," అని రాశారాయన. "బూట్లు వేసుకున్న అమ్మాయి ఎక్కడికీ వెళ్లదు. ఆ తలుపు ఎన్నటికీ తెరుచుకోదు. అది మనందరి తలుపు. ఏడు ఊళ్లని పేరు పెట్టి ఒక్క ఊరూ చూపించకపోవడం గొప్ప సాహసం." కింద ఎనిమిదిన్నర. పక్కన ఒక బొమ్మ కూడా వేశారు. అది ఎవరిదో కార్ల రేసు గేమ్‌లోది.

చదివితే నాకు కళ్లు చెమర్చాయి. అక్క మాత్రం తల పట్టుకుంది.

మర్నాడు ఇద్దరం పత్రికాఫీసుకి వెళ్లాం. చీఫ్ గారు కూచోమన్నారు, కాఫీ తెప్పించారు.

"సార్, ఆ తలుపు తెరుచుకుంటుంది," అంది అక్క.

"ఎవరన్నారు?"

"గేమ్ చేసింది నేనే సార్."

"కాదనను తల్లీ. కానీ చేసినవాళ్లకి తమ గేమ్ మీద అభిమానం ఉంటుంది. మాది నిష్పాక్షికమైన పత్రిక."

అక్క ల్యాప్‌టాప్ తీసి, బటన్ పట్టుకుని, తలుపు తెరిచి చూపించింది. వీధి కనిపించింది, సైకిల్ కనిపించింది. చీఫ్ గారు కళ్లజోడు సర్దుకుని ఎనిమిదిన్నర గారిని పిలిపించారు. ఆయన వంగి చూసి చిన్నగా నవ్వారు.

"ఇప్పుడు తెరుచుకుంటోంది. నేను ఆడినప్పుడు తెరుచుకోలేదు. నా అనుభవాన్ని నేనెలా దిద్దుకోను?"

"అచ్చుకి ముందు ఇంకెవరూ చూడరా సార్?" అన్నాను నేను.

"ఎందుకు చూడరు? ముగ్గురు చూశారు," అన్నారు చీఫ్ గారు. "ఎనిమిదిన్నర పడిందా లేదా అని ముగ్గురూ చూశారు."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పత్రిక మాటకి జనంలో విలువుంది. సమీక్ష చదివి గేమ్‌ని ఎగబడి కొన్నారు. కొన్నాక తలుపు తెరుచుకునేసరికి మండిపడ్డారు. "ఒకే గది అని చెప్పి ఊళ్లకి ఊళ్లు అంటగట్టారు" అని ఒకాయన రాశాడు. "ఏకాంతం కోసం కొంటే నాలుగో ఊళ్లో ఎవరో ఆవిడ నాకు పని పురమాయిస్తోంది" అని ఇంకొకాయన. ఫిర్యాదులు గుట్టలు పడ్డాయి. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ షాపు వాళ్లు అక్కకి కబురు పెట్టారు. శుక్రవారంలోగా సమీక్షలో ఉన్నదీ గేమ్‌లో ఉన్నదీ ఒకటి కాకపోతే గేమ్‌ని షాపులోంచి తీసేస్తారట.

మళ్లీ పరిగెత్తాం.

"పుణ్యం కట్టుకోండి సార్," అంది అక్క. "ఒక్క వాక్యం మార్చండి చాలు. ఐదేళ్ల కష్టం బుగ్గిపాలవుతుంది."

చీఫ్ గారు చాలా ఓపిక గలవారు. "అమ్మా, నిదానంగా ఆలోచించండి. సమీక్ష అచ్చయిపోయింది. గేమ్ అలా కాదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు అప్‌డేట్ చేసుకోవచ్చు. రెంటిలో ఏది దిద్దడం తేలిక?"

అక్క తన ల్యాప్‌టాప్ సంచి వైపు చూసుకుంది. తర్కం అంత గట్టిది.

"పైగా," అన్నారు ఎనిమిదిన్నర గారు, "ఊళ్లు కాస్త ఎక్కువయ్యాయనిపించింది."

"మీరు చూడలేదుగా సార్," అంది అక్క.

"చూడకుండానే అనిపించింది."

గురువారం అక్క అప్‌డేట్ మొదలుపెట్టింది. ఒక్కో ఊరూ తీసేసుకుంటూ వచ్చింది. రైలు గేటున్న ఊరు, గాలిపటాల ఊరు, ఎప్పుడూ వాన పడే ఊరు. నాలుగో ఊరి దగ్గర ఆగింది. కుట్టుమిషను చప్పుడు ఒకటికి రెండుసార్లు విని, తర్వాత అది కూడా తీసేసి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. చిన్నప్పుడు చెయ్యి విరిగినా ఏడవని మనిషి.

"అమ్మకి చెప్పకురా," అంది. అమ్మ ల్యాప్‌టాప్‌లో మాత్రం పాత గేమే ఉంచేసింది. ఊళ్లన్నీ ఇక అక్కడే మిగిలాయి.

శుక్రవారం నుంచి ఆ తలుపు ఎవరికీ తెరుచుకోలేదు. గేమ్ విరగబడి అమ్ముడుపోయింది. చీఫ్ గారే ఫోన్ చేసి, "చూశారా, దిద్దుకుంటే ఎంత బాగుపడిందో," అని అభినందించారు.

కొన్ని నెలలకి పత్రికల సంఘం వాళ్లు సత్యనిష్ఠ పురస్కారం ప్రకటించారు. పోటీలో నిలబడాలంటే తమ తప్పు తాము ఒప్పుకున్న దాఖలా ఒక్కటైనా చూపాలి. చీఫ్ గారు పాత సంచికలన్నీ తిరగేయించారు. పాపం, తప్పు ఒక్కటీ దొరకలేదు. చివరికి మా అక్క గుర్తొచ్చింది. మర్నాడే మొదటి పేజీలో సవరణ వేశారు: "ఒకే గది అని రాశాం. నిజానికి ఆ గేమ్‌లో ఏడు ఊళ్లు ఉన్నాయి. చింతిస్తున్నాం."

అక్క ఫోన్ చేసింది. "సార్, ఇప్పుడు ఆ ఊళ్లు లేవండీ."

"అప్పుడేమో ఉన్నాయన్నారు, ఇప్పుడేమో లేవంటున్నారు. ఏదో ఒక మాట మీద నిలబడాలి తల్లీ," అని ఆయన నొచ్చుకున్నారు.

పురస్కారం ఆయనకే వచ్చింది. సభకి మమ్మల్నీ పిలిచారు. సవరణను వేదిక మీద గట్టిగా చదివి వినిపిస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది అమ్మ.

భోజనాల దగ్గర అమ్మ తిన్నగా చీఫ్ గారి దగ్గరికి వెళ్లింది. అక్క చెయ్యి పట్టుకుని ఆపబోయింది గానీ అమ్మ వింటేగా.

"బాబూ, మా అమ్మాయి గేమ్ మీరు ఆడారా?"

"భలేవారమ్మా. ఆడకుండానే ఇంత సవరణ వేస్తామా?"

"నాలుగో ఊళ్లో కుట్టుమిషను దగ్గర ఉండేది నేనే."

చీఫ్ గారు చేతిలో ప్లేటు పక్కన పెట్టి మరీ నమస్కారం పెట్టారు. "ఎక్కడో చూశానే అనుకుంటున్నాను. నిన్న సాయంత్రం కూడా మీ దగ్గర ఆగే వెళ్లానమ్మా. ఎంత చక్కగా కుడుతున్నారో."

అమ్మ మొహం వెలిగిపోయింది. వచ్చి అక్క పక్కన కూచుంది.

"విన్నావుటే? నిన్న కూడా వచ్చాడట. ఎవరూ రావడం లేదేమోనని ఊరికే బెంగపడ్డాను. మనుషులు వస్తూ పోతూ ఉన్నారన్నమాట."

"వస్తున్నారమ్మా," అంది అక్క. "నువ్వు అన్నం తిను."