బస్సు పడిపోయే చోటు

గజపతినగరం బజారులో కంప్యూటర్లు బాగుచేసే కృపానిధిని అందరూ ఫార్మాట్ కృపానిధి అంటారు. కంప్యూటర్‌కి జలుబు చేసినా, క్షయ పట్టినా అతని వైద్యం ఒకటే. ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించడం.

అందుకే అతని భార్య బేబీ, చనిపోయిన తమ్ముడి ల్యాప్‌టాప్‌ని బీరువాలో పెట్టి తాళం వేసింది. దాని జోలికొస్తే నిన్నే ఫార్మాట్ కొట్టేస్తానని మొగుడికి ముందే చెప్పింది.

ఆ ల్యాప్‌టాప్‌లో తమ్ముడు ప్రకాష్ తయారుచేసిన ఆట ఉంది. పల్లె వెలుగు లాంటి ఒక బస్సు. గజపతినగరంలో బయలుదేరుతుంది. కోడిపుంజుతో ఒక ముసలమ్మ ఎక్కుతుంది, చిల్లర కోసం ఒకాయన పోట్లాడతాడు, విజయనగరం దాటి బస్సు భోగాపురం వైపు తిరుగుతుంది. అక్కడ రోడ్డు అయిపోతుంది. బస్సు, ముసలమ్మ, పుంజు, అందరూ కలిసి నీలం శూన్యంలోకి పడిపోతారు.

మిగతా రోడ్డు వెయ్యడానికి ప్రకాష్‌కి టైము దొరకలేదు. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళాడు. ఇంటికి రాలేదు.

ఆ రోజు నుంచి బేబీ ఇంట్లో తమ్ముడి పేరు ఎత్తలేదు. చర్చిలో ఎవరైనా ఎత్తితే లేచి చెప్పులు సర్దుకునేది. ఏడవనూ లేదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం బీరువా తెరిచి, బస్సు ఒకసారి నడిపి, అది పడిపోయాక ల్యాప్‌టాప్ మూసేసేది. కృపానిధి పక్క గదిలో పేపరు తిరగేసి పట్టుకుని కూర్చునేవాడు.

ఇప్పుడా ల్యాప్‌టాప్ చావుబతుకుల్లో ఉంది. తెర సగం నల్లబడింది. పోనీ ఆటని ఇంట్లో పెద్ద కంప్యూటర్లోకి మారుద్దామంటే కుదరదు. వైరస్‌ల భయంతో కృపానిధే దాంట్లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించాడు. బేబీ పాఠాలు చెప్పే స్కూల్లో ఉన్నవీ లినక్స్ కంప్యూటర్లే. ప్రకాష్ వాడిన గేమ్ ఇంజన్, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, తయారైన ఆటని విండోస్‌కి మాత్రమే పబ్లిష్ చేస్తుంది. లినక్స్ పేరు చెబితే మొహం తిప్పుకుంటుంది.

పోయిన నెల ఆ ఇంజన్‌లో కొత్త మీట వచ్చింది. లినక్స్‌కి పబ్లిష్ చెయ్యి.

కృపానిధి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ప్రకాష్ ఆ ఆటని కట్టింది ఇతని దుకాణంలో కూర్చునే. అసలు ఫైళ్ళన్నీ ల్యాప్‌టాప్‌తో పాటు అక్కడ మూలనున్న కంప్యూటర్లోనూ ఉన్నాయి. జన్మలో కృపానిధి ఫార్మాట్ చెయ్యని కంప్యూటర్ అదొక్కటే.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అతని బుర్రలో పథకం పుట్టింది. రోడ్డు పూర్తి చెయ్యాలి. భోగాపురం సముద్రం దాకా వెయ్యాలి. చివర్న బస్టాపులో ప్రకాష్‌ని నిలబెట్టాలి. తను చేశానంటే బేబీ ఒప్పుకోదు కాబట్టి, అంతా ప్రకాషే చేసిపెట్టి పోయాడని చెప్పాలి. తమ్ముడు క్షేమంగా ఒడ్డుకు చేరినట్టు చూస్తే ఆమె గుండెల్లో గడ్డకట్టింది కరుగుతుంది. ఒక్కసారి ఏడిస్తే చాలనుకున్నాడు.

రోడ్డు తేలిగ్గానే పడింది. మనిషి దగ్గరే చిక్కొచ్చింది. మొదటి ప్రకాష్ గేదెలా వచ్చాడు. రెండోవాడు పాస్టర్ ధనరాజుగారిలా వచ్చాడు. మూడోవాడికి పసుపు చొక్కా తొడిగి, చెయ్యి పైకెత్తించి, ఇంతకంటే నా వల్ల కాదని వదిలేశాడు.

లినక్స్‌కి పబ్లిష్ చేస్తే బస్సంతా మొండేలు కూర్చున్నాయి. ఒక్కరికీ తలకాయల్లేవు, పుంజుకి తప్ప. బొమ్మల పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటే విండోస్ చూసీ చూడనట్టు పోతుంది, లినక్స్ పోదు. ఆ సంగతి తెలుసుకుని తలకాయలు అతికేసరికి వారం పట్టింది. ఆ వారమంతా దుకాణానికి వచ్చినవాళ్ళ కంప్యూటర్లు ఫార్మాట్ కాకుండా బతికిపోయాయి.

ప్రకాష్ పోయి ఏడాదైన రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాటలయ్యాయి, వాక్యం అయింది. టీ గ్లాసులు తిరుగుతుండగా కృపానిధి గొంతు సవరించుకున్నాడు. బామ్మర్ది పెన్‌డ్రైవ్ ఒకటి దొరికిందనీ, ఆటని తనే పూర్తి చేసి, అక్క కోసం లినక్స్‌కి కూడా మార్చి పోయాడనీ చెప్పి, చర్చి నుంచి తెచ్చిన ప్రొజెక్టర్ వెలిగించాడు.

గోడ మీద బస్సు కదిలింది. రోడ్డు అయిపోయే చోటు వస్తుంటే బేబీ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. బస్సు పడలేదు. ముందుకు పోయింది. సముద్రం కనిపించింది. బస్టాపులో పసుపు చొక్కా నవ్వుతూ చెయ్యెత్తింది.

కృపానిధి బ్రేకు నొక్కాడు. బస్సు ఆగలేదు. అన్ని మీటలూ నొక్కాడు. హారన్ మోగింది. బస్సు హారన్ కొట్టుకుంటూ ప్రకాష్ మీదుగా పోయింది.

బేబీ పిన్ని కాంతం కెవ్వుమని టీ గ్లాసు వదిలేసింది. ధనరాజుగారు చటుక్కున కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థన ఎత్తుకున్నారు. ఇంతాచేసి ప్రకాష్‌కి ఏమీ కాలేదు. అతనికి గట్టి ఒళ్ళు పెట్టడం కృపానిధి మర్చిపోయాడు. బస్సు పొగలోంచి పోయినట్టు పోయింది. ప్రకాష్ చెయ్యెత్తి నవ్వుతూనే ఉన్నాడు.

చుట్టాలు వెళ్ళిపోయాక బేబీ వంటింట్లో గ్లాసులు కడుగుతోంది. కృపానిధి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎప్పుడు సేసినాడు బావా ఇది?"

"పోయే ముందే."

"లినక్స్‌కీ?"

"నీ కోసమే గదా."

బేబీ ఒక గ్లాసు బోర్లించింది. "ఆ ఇంజన్లో లినక్స్ వచ్చినాది పోయిన నెల. ఆడు పోయినాది నిరుడు."

ప్రకాష్ చాలా తెలివైనవాడు అందామనుకున్నాడు కృపానిధి. ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"నీకెలా తెలుసు?"

"లినక్స్ పెట్టండని ఆ కంపెనీవోళ్ళకి రాసినోళ్ళలో నానొకదాన్ని. వచ్చిన రోజే స్కూల్లో పెట్టీసినాను. ఆడి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి. పిల్లలు రోజూ ఆడతన్నారు."

"మరి తలకాయలు?"

"ఏటి తలకాయలు? పేర్లు సరిసేస్తే వచ్చీసినాయి. ఒక పూట పని."

కృపానిధి గుమ్మం మీద కూలబడ్డాడు. తన వారం రోజుల తపస్సు తలకాయలతో సహా గంగలో కలిసింది. నాకెందుకు చెప్పలేదని మెల్లగా అడిగాడు.

"సెప్తే ఆడి పేరు ఎత్తాల." ఆమె కుళాయి కట్టేసింది. "ఇంట్లో ఎత్తలేకపోతన్నాను బావా. స్కూల్లో అయితే ఎత్తక్కర్నేదు. బస్సు పడినప్పుడల్లా పిల్లలు ఇరగబడి నవ్వుతారు. నాను ఎనక నిలబడి ఇంటాను. ఆడు అక్కడిదాకే సేసినాడు. అక్కడిదాకే ఆడిది. ఆ రోడ్డు తీసీ."

కృపానిధి లేచాడు. వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని, వేసిన రోడ్డుని ముక్కముక్కా తీసేశాడు. కొబ్బరిచెట్లు తీశాడు. సముద్రం తీశాడు. బస్టాపు తీశాడు. నీలం మధ్యలో, కాళ్ళ కింద ఏమీ లేకుండా, పసుపు చొక్కా ఒక్కటీ మిగిలింది. తుడిచేసే మీట మీద పెట్టిన వేలు నొక్కలేకపోయాడు.

బేబీ చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది.

"ఈడ్ని కూడా తీసీమంటావా?" అన్నాడు తల తిప్పకుండా.

"రోడ్డు నేదు గదా. పడిపోడా?"

"పడడు. బరువు కూడా పెట్టనేదు."

ఆమె చాలాసేపు చూసింది. బస్సు నడపమంది. నడిపాడు. బస్సు వచ్చింది, రోడ్డు చివర ఒక్క క్షణం ఊగింది, పుంజుతో సహా పడిపోయింది. పైన నీలంలో పసుపు చొక్కా చెయ్యెత్తి నిలబడే ఉంది.

బేబీ నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కడో తెగింది. రెండు చేతులూ మొగుడి భుజాల మీద పడ్డాయి. ఆమె బరువంతా వాటి మీదికి వచ్చింది. ఏడాదిగా రాని ఏడుపు అతని మెడ మీద వేడిగా పడుతుంటే కృపానిధి కదలకుండా కూర్చున్నాడు.

ఎంతసేపటికో ఆమె ముక్కు తుడుచుకుంది.

"సొక్కా రంగు మార్చు బావా," అంది. "ప్రకాష్‌కి పసుపు నచ్చదు."