చెత్త లేని వీధికి పట్టిన అదృష్టం

చెత్త లేని వీధికి భవిష్యత్తు లేదు! ఈ మాట విని అప్పుడే ముక్కు మూసుకోకండి. చెత్త ఉంటేనే కదా దాని మీద ప్రాజెక్టు వచ్చేది? ప్రాజెక్టు వస్తే కమిటీ, కమిటీ వస్తే ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద మన ఫోటో. చోడవరంలో కొత్త కాలనీ వెనక వీధికి మొన్నమొన్నటిదాకా ఆ యోగం లేదు.

దానికి కారణం అచ్చియ్యమ్మ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే అచ్చియ్యమ్మ గేదె, గౌరి.

ఆ వీధిలో బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన అన్నం, అన్నీ పొద్దున్నే అచ్చియ్యమ్మ గుమ్మం పక్కనున్న కుడితి తొట్టిలో పడేవి. గౌరి ఈనినప్పుడల్లా కుడితి పోసిన ప్రతి ఇంటికీ జున్నుపాలు వెళ్లేవి. క్రిస్మస్‌కి ఎదురింటి రూతమ్మ పాయసం కాచేదీ ఆ గేదె పాలతోనే. మొగుడు పోయాక అచ్చియ్యమ్మ బతుకు నడుస్తున్నదీ ఆ పాల మీదే. ఎంత వెనకబాటుతనమో చూశారా! ఇంత జరుగుతున్నా దానికో పేరు లేదు, లోగో లేదు, కనీసం వాట్సాప్ గ్రూపయినా లేదు!

ఆ చీకట్లోకి దీపం పట్టుకుని వచ్చినవాడు ఉమామహేష్. బ్యాంకు ఉద్యోగి, అదే వీధిలో పుట్టి పెరిగినవాడు. విశాఖలో ఏదో ట్రైనింగుకి వెళ్లి, పచ్చటి టోపీతో తిరిగొచ్చాడు. వారం తిరక్కుండా 'పచ్చని వీధి కమిటీ' పుట్టింది. వీధి చివర కంపోస్టు గొయ్యి తవ్వారు, చుట్టూ సిమెంటు గట్టు కట్టి ఆకుపచ్చ రంగు వేశారు. రిబ్బన్ కత్తిరించారు, చప్పట్లు కొట్టారు.

గొయ్యి సిద్ధం. అందులో వెయ్యడానికి చెత్తేది?

వీధంతా వెతికినా దొరకలేదు. ఉన్నదంతా గౌరి తినేసింది! అప్పుడు కమిటీ గట్టి నిర్ణయమే తీసుకుంది. గేదె ఉన్న ఇల్లు ఒక్కటి తప్పించి ఇంటింటికీ ఒక పచ్చ బకెట్టు ఇచ్చింది. తొక్కలన్నీ అందులోనే వెయ్యాలి, పొద్దున్నే బకెట్టును ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. నిండితే పచ్చ చుక్క, నిండకపోతే ఎర్ర చుక్క.

పాపం, మొదటి ఎర్ర చుక్క రూతమ్మకే పడింది. బీరకాయ తొక్కు పచ్చడి చేసుకోవడం ఆమె చేసిన నేరం. తొక్క కూడా తినేస్తే పర్యావరణం ఏమైపోవాలండీ? ఆ తర్వాత ఆమె తలుపు గడియ పెట్టుకుని మరీ ఆ పచ్చడి నూరుకునేది. బకెట్టు నింపడానికి కొందరు ఒక సోలెడు బియ్యం ఎక్కువే వండారు. త్యాగం లేనిదే ఉద్యమం ఎక్కడుంది?

ఇటు కుడితి తొట్టి ఎండిపోయింది. అచ్చియ్యమ్మ నడుముకి కొంగు బిగించుకుని ఉమామహేష్ ఇంటికి వెళ్లింది.

"ఏటి బాబూ ఇది? నోరున్న గేదెని ఎండగట్టేసి, నోరులేని గొయ్యికి పెడతన్నారా?"

"అత్తా, నీకు తెల్దు. దీన్ని సస్టైనబుల్ లివింగ్ అంటారు."

"అలాగంటే ఏటి?"

"అంటే... ఏదీ వృథా అవ్వకుండా బతకడం."

"మరి ఇన్నాళ్లూ ఏటి వృథా అయిపోయిందిరా?"

ట్రైనింగులో ఈ ప్రశ్న రాలేదు. అందుకని ఉమామహేష్ తెలివిగా మాట మార్చాడు. "అదలాగుండనీ అత్తా, ఒక బకెట్టు పేడ ఇయ్యవా? పేడ నీళ్లు సల్లకపోతే గొయ్యి కుళ్లి కంపు కొట్టేస్తంది."

అచ్చియ్యమ్మది మెత్తని మనసు. ఎత్తుకుని ఆడించిన కుర్రాడు అడిగితే కాదనలేకపోయింది. ఆ రోజు మొదలు వారం వారం కమిటీ బకెట్టు ఆమె గుమ్మంలోకి వచ్చేది. ఆమె తిట్టుకుంటూనే నింపేది.

తవుడు కొని పెట్టింది. తెలకపిండి కొని పెట్టింది. పాలమ్మిన డబ్బులు పశువు మేతకే చాలలేదు. గౌరి డొక్కలు లోపలికి పోయాయి, పాలు సగానికి సగం పడిపోయాయి. దాన్ని అలా చూడలేక, ఓ పొద్దున్న కళ్లు తుడుచుకుని పక్కూరు వడ్డాది రైతుకి అమ్మేసింది. అక్కడ చెరకు ఆకయినా కడుపునిండా దొరుకుతుందని ఆశ.

రైతు పలుపు పట్టుకుని లాగుతుంటే గౌరి రూతమ్మ గుమ్మం ముందు ఆగిపోయింది. రోజూ మొదట తొక్కలొచ్చేది ఆ ఇంట్లోంచే కదా. ఎంత అదిలించినా కదల్లేదు. రూతమ్మ చేతిలో పచ్చ బకెట్టుంది, ఇంకా ఫోటో తియ్యలేదు.

"తినవే తల్లీ, తిను. ఎర్ర సుక్క పడితే పడనీ," అని బకెట్టు మొత్తం దాని ముందు కుమ్మరించేసింది. అచ్చియ్యమ్మ అటు తిరిగి నిలబడి ఏడ్చింది.

వీధికి మంచి రోజులు వచ్చేశాయి. పాల ప్యాకెట్లు ఇంటింటికీ రాసాగాయి. ఆదర్శ వీధుల పోటీకి జడ్జీలు వస్తున్నారని కబురూ వచ్చింది. కానీ గొయ్యికి ఏమైందో ఏమో, ఎండ ముదిరేసరికి కంపు కొట్టడం మొదలెట్టింది. ఉమామహేష్ అలవాటు కొద్దీ బకెట్టు పట్టుకుని అచ్చియ్యమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తా... కొంచెం పేడ..."

అచ్చియ్యమ్మ ఖాళీ కట్టుకొయ్య వైపు చూసింది. తర్వాత అతని టోపీ వైపు చూసింది.

"గౌరి తినాల్సిందంతా మీ గొయ్యే తినేసింది కద బాబూ. పేడ కూడా దాన్నే ఎయ్యమను."

ఇక్కడ మీరు ఉమామహేష్ మీద జాలి పడితే పొరపాటే. కమిటీలు అంత తేలిగ్గా ఓడిపోవు. ఆన్‌లైన్‌లో పేడ దొరుకుతోందని మీకు తెలుసా? మూడు రోజుల్లో కొరియర్‌లో వచ్చింది, ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ చుట్టి, చక్కగా టేపు వేసి! జడ్జీలు వచ్చారు, ప్యాకెట్ పాలతో కాఫీ తాగారు, గొయ్యిని మెచ్చుకున్నారు. వీధికి ఫస్టు ప్రైజు!

అంతకన్నా శుభవార్త ఇంకోటుంది. పాల కవర్లు, పేడ కవర్లు కలిసి వీధి మొదట్లో ఓ గుట్ట అయ్యాయి. ఇక చెత్త కోసం వెతుక్కునే దురవస్థ లేదు! ప్లాస్టిక్ మీద రెండో ప్రాజెక్టు మొదలయింది. ఇంటింటికీ నీలం బకెట్టు ఇస్తూ కమిటీ అచ్చియ్యమ్మ గుమ్మానికీ వచ్చింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఏనాడూ చెత్తబుట్ట లేదు.

మర్నాడు పొద్దున్న ఆమె టీ కాచుకుంది. చించిన పాల కవరు పట్టుకుని కుడితి తొట్టి దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, నీలం బకెట్టులో వేసింది.

ఉమామహేష్ ఫోటో తీశాడు. పచ్చ చుక్క పడింది. వీధిలో చెత్త పుట్టని ఇల్లు అదొక్కటే మిగిలింది, ఆ లోటు కూడా తీరిపోయింది.