బొట్టు పెట్టిన ల్యాప్‌టాప్

ఆ రోజు పని చాలా తేలికనుకున్నాడు రాయమల్లు. కూతురు నవనీతకు కరీంనగర్‌లో కంప్యూటర్ ఇంజనీరింగ్ సీటొచ్చింది. మర్నాటి నుంచి కాలేజీ. సుల్తానాబాద్‌లో షాపు నడిపే జలపతిరావు తెలిసినవాడు కనుక ఒక ల్యాప్‌టాప్, ఒక ట్యాబ్ ఇచ్చి ఇంటికి పంపాడు. నచ్చింది ఉంచుకుని, రెండోది పొద్దుగూకేలోగా తిరిగివ్వాలి. ధరల్లో తేడా లేదు. తేడా అంతా తండ్రీకూతుళ్ల మధ్యే ఉంది.

"ట్యాబే మంచిగున్నది. అల్కగున్నది. మస్కట్ల ఉన్న మీ అన్న వీడియో కాల్ జేస్తే మొఖం గూడ ఫోన్ల కంటె పెద్దగ అవుపడ్తది," అన్నాడు రాయమల్లు.

"అన్న మొఖం జూసి పరీక్ష రాయాల్నా బాపూ? ప్రోగ్రాములు రాయాలంటే ల్యాప్‌టాపే కావాలె."

వాదన తెగక రాయమల్లు పొలానికి పోయాడు. తిరిగొచ్చేసరికి అతని తల్లి శంకరవ్వ ట్యాబ్‌కు పసుపు రాసి, నిండుగా కుంకుమ బొట్టు పెట్టి కూర్చుంది. ట్రాక్టరైనా మిక్సీ అయినా, ఆ ఇంటికొచ్చిన కొత్త వస్తువేదీ ఆమె బొట్టు తప్పించుకోలేదు.

"ఇగ గిదే ఖాయం! బొట్టు వెట్టినదాన్ని గడప దాటిస్తమా?" రాయమల్లు ముఖం వెలిగిపోయింది.

నవనీత నాయనమ్మ పక్కన చేరి, "ల్యాప్‌టాప్‌కు గూడ వెట్టవా నాయినమ్మా?" అని గొణిగింది.

"అయ్యో బిడ్డా, దాన్ని మర్సిన!" శంకరవ్వ ల్యాప్‌టాప్ మూతకు బొట్టు పెట్టింది. మరిచిపోయినందుకు దానికి కొబ్బరికాయ కూడా కొట్టింది. నీళ్లు ఎగిరి పక్కనున్న ట్యాబ్ మీద పడ్డాయి.

"ఆగమైనం!" రాయమల్లు తువ్వాలతో ట్యాబ్‌ను ఒత్తి ఒత్తి తుడిచాడు. నీళ్లతోపాటు పసుపూ కుంకుమా పోయాయి. తెర వెలుగూ పోయింది. తడి లాగుతుందని దాన్ని బియ్యం డబ్బాలో పూడ్చి కూర్చున్నారు. ఎండ వాలిపోతున్నా అది కన్ను తెరవలేదు.

"చెడగొట్టినదాన్ని వాపస్ ఎట్లిస్తం? గది మనమే ఉంచుకోవాలె. ల్యాప్‌టాప్ ఇచ్చేద్దాం," అన్నాడు రాయమల్లు నీరసంగా.

"నడవని ట్యాబ్ వట్టుకోని కాలేజీకెట్ల పోవాలె బాపూ?" నవనీత ఏడ్చేసింది. తండ్రీకూతుళ్లిద్దరూ బాగవుతుందేమో అడుగుదామని రెండూ పట్టుకుని షాపుకు పరుగెత్తారు.

జలపతిరావు ల్యాప్‌టాప్ మీది బొట్టు చూసి చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాడు. "పూజ చేసినవా? మీ ఇంటి లచ్చిమిని నా షాపుల వెట్టుకుంటే నాకు గిరాకీ ఉంటదా? రెండోది ఇటియ్యి."

"గది కొబ్బరినీళ్లల్ల తడిసింది సారూ. లేస్తలేదు," నవనీత నిజం చెప్పేసింది.

ఆయన ట్యాబ్ పక్క మీటను కాసేపు ఒత్తిపట్టాడు. అది వెలిగింది. "నీళ్లు లోపలికి పోలే. తుడిసేటప్పుడు మీరే బందు చేసిండ్రు." అంతలో అంచున ఎర్రటి చార కనబడింది. "గిదేంది, దీనికి గూడ వెట్టిండ్రా? ముందుగాల వెట్టిన బొట్టే అసలు బొట్టు. ముందు దేనికి వెట్టిండ్రో గది మీది, రెండోది నాది. చెప్పు రాయమల్లూ."

ఒక్క మాట నిజం చెబితే ట్యాబ్ అతనిదే. రాయమల్లు వెలుగుతున్న ట్యాబ్‌ను చూశాడు. నవనీత తల దించుకుని నిలబడింది.

"ల్యాప్‌టాప్‌కే సారూ," అన్నాడు.

ఆ ల్యాప్‌టాప్ తానే ఎంచుకున్నానని రాయమల్లు ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఆ ఒక్క అబద్ధంతో నిజానికి ఎంచుకున్నది అతనే.