పొగమంచు వర్ధిల్లాలి!

కొండలు చూద్దామని వెళ్ళినవాడికి కొండ కనబడకపోవడాన్ని మించిన భాగ్యం లేదు! నవ్వకండి. నాలుగు రోజులు సెలవు పెట్టి, పక్కింటివాళ్ళ స్వెటర్లు అడిగి తెచ్చుకుని, మూడు తెల్లవారుజాములు పొగమంచును చూసి వచ్చినవాణ్ణి. అనుభవం మీద చెబుతున్నాను.

మంచు లేకపోతే ఏమవుతుంది? కొండ కనబడుతుంది. కనబడితే ఫొటో దిగాలి. ఫొటో అంటే పొట్ట లోపలికి పీల్చాలి. మంచులో ఆ బాధే లేదు. పొట్ట, బట్టతల, పక్కింటి స్వెటరు అన్నీ కలిసిపోతాయి. మా ఫొటోల్లో వెనకంతా తెలుపే. పాస్‌పోర్టుకు కూడా పనికొస్తాయి!

లాడ్జిలో మాకిచ్చింది 'మౌంటెన్ వ్యూ' రూమ్. కర్టెన్ లాగితే పక్క లాడ్జి వంటగది పొగగొట్టం. మంచు దిగగానే గొట్టం మాయం! ఇక అక్కడున్నది కొండేనంటే కాదనేవాడెవడు?

మొదటి రోజు వ్యూ పాయింట్ దగ్గర రెండు వందల మంది నిలబడి తెలుపును వీడియో తీశారు. ఒకాయన భార్య అనుకుని అత్తగారి భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగాడు. ఎండ కాస్తే ఆ ఇంట్లో అంత ఆప్యాయత సాధ్యమయ్యేదా?

"ఏమీ కనబడట్లేదేంటండీ?" అని మా ఆవిడ టికెట్లు చింపే పెద్దాయనను నిలదీసింది.

"టికెట్టు పాయింటుకేనమ్మా, వ్యూకి కాదు" అన్నాడాయన.

అసలు ఈ ప్రయాణం మా ఆవిడ కోసమే. ఆమె మూడో తరగతి టీచరు. ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల మీద ఒకటే సూర్యోదయం గీస్తోంది: రెండు త్రికోణాలు, మధ్యలో సగం సూర్యుడు. మా వైపు నేలంతా చదును. గడ్డివామును మించిన ఎత్తు ఆమె చూసి ఎరగదు. "నిజంగా మధ్యలోంచే వస్తాడంటారా? ఇన్నేళ్ళూ పిల్లలకి అబద్ధం గీశానేమోనండీ!" అని దిగులు. కళ్ళారా చూసి తేల్చుకోవాలని పంతం.

నా సంగతీ చెప్పాలి. నేను మితభాషిని. నా నిఘంటువులో ఉన్నది ఒకటే మాట: 'ఊఁ'. అన్నం పెట్టనా అంటే ఊఁ. ఇల్లు కారుతోందంటే ఊఁ. పెళ్ళికి ఒప్పుకున్నదీ ఊఁతోనే. ఒక్క మాటతో ఇంత సంసారం ఈదినవాడు మీలో ఎవడైనా ఉన్నాడా?

మూడో ఉదయం, అదే ఆఖరిది. మిగతా టూరిస్టులు విసిగిపోయి రగ్గుల్లోనే ఉండిపోయారు. రెయిలింగ్ దగ్గర మేమిద్దరమే. గాలి కొడుతోందని మా ఆవిడ కొండల వైపు వీపు పెట్టి, ఫ్లాస్కులోంచి టీ వంపి ఓ గుక్క రుచి చూసి, "పంచదార తగ్గిందేమో" అంది.

సరిగ్గా అప్పుడే మంచు విచ్చుకుంది!

"ఊఁ" అన్నాను.

"అనుకున్నా, తగ్గిందని" అంటూ సంచిలో పంచదార పొట్లం వెతకసాగింది.

"ఊఁ! ఊఁ!"

"అబ్బ, కలుపుతున్నా కదా! ఏం తొందర?"

ఆమె గ్లాసుతో ఇటు తిరిగేసరికి మళ్ళీ అంతా తెలుపే. నా మొహం చూసి ఆగిపోయింది.

"కనబడిందా?"

"ఊఁ."

"చెప్పొచ్చు కదండీ!"

"చెప్పాగా."

ఆమె టీ నా చేతికిచ్చి, బెంచీ మీద కూర్చుని, ఆ తెలుపు వంకే చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

కొండ దిగే బస్సులో మూడు గంటలూ నేనే మాట్లాడాను. కొండలు రెండు కాదు, ఐదన్నాను. మొనదేలి లేవు, పడుకున్న గేదెల వీపుల్లా ఉన్నాయన్నాను. సూర్యుడు మధ్యలోంచి రాలేదు, ఎడమ చివరి గేదె వెన్ను మీంచి లేచాడన్నాను. "రంగో?" అని అడిగింది. పండిన మిరపకాయ కాదు, ఇంకో రెండు రోజులు ఆగి కోయాల్సిన మిరపకాయ అన్నాను.

సోమవారం నల్లబల్ల మీద ఐదు గేదెలు పడుకున్నాయి. "మీరు చెప్పిందే గీశాను. ఇదీ అబద్ధమైతే పాపం మీదే" అంది మా ఆవిడ.

అందుకే అంటున్నాను, పొగమంచును ఎవరూ ఆడిపోసుకోకండి. అది అర నిమిషమైనా విచ్చుకుంది. విచ్చుకోనిది నా నోరే.