ఈరప్ప మూటకు వంతు

సుంకమ్మ మొగుడు దేవేంద్రప్పకు అన్యాయం చేసింది. నాలుగేళ్ల కిందట పోయింది. పిండిగిర్నీలో ఎవరి మూట ముందు పోయాలో చెప్పకుండా పోయింది. అప్పటి నుంచి కోడుమూరులోని ఆ గిర్నీ ముందు రోజూ తగాదానే.

ఆ ఉదయం కూతురు శివాని కాటా పక్కన ల్యాప్‌టాప్ పెట్టింది. కర్నూలులో ఎంటెక్ చదువుతోంది. కంప్యూటర్ ప్రాసెసర్ మీదికి వచ్చిపడే పనులకు వరుస కట్టే లెక్క ఆమె ప్రాజెక్టు. దాన్ని రెండుసార్లు కాదన్న గైడు స్తుతి మేడమ్ ఈసారి పదకొండుకు స్వయంగా చూడటానికి వస్తోంది. ఇది కూడా పోతే ఏడాది పోయినట్టే.

"ప్రాసెసరూ గిర్నీ ఒకటే నాయనా. ఒక మూట ఆడుతాంటే పది మూటలు కాచుకోనుంటాయి. చిన్నది ముందు ఆడిస్తే అందరూ కాచుకునే సేపు మొత్తమ్మీద తగ్గుతాది. కొత్తది వచ్చినప్పుడల్లా వరుస మళ్ళీ మారుతాది."

"మీయమ్మ ఇదేం లేకుండానే నడిపె," అన్నాడు దేవేంద్రప్ప. "నాకు చెప్పకపాయె."

అందరికంటే ముందు వచ్చింది ఈరప్ప. అతని కొత్త బోరులో నీళ్లు పడ్డాయి, ఆ సంతోషానికి మధ్యాహ్నం నూరుమందికి రొట్టెలు. జొన్నల మూట నిండుగా తెచ్చాడు. గిర్నీ వేసేలోపే నాలుగు చిన్న మూటలు వచ్చి దాన్ని వెనక్కి నెట్టాయి. చిన్న మూటలు ముందు పోతాయని వీధికి అర్థం కావడానికి అరగంట పట్టలేదు. గిడ్డమ్మ తన మూట ఇంటికి తీసుకుపోయి ఎనిమిది చేతిసంచులతో తిరిగొచ్చింది. ఆమెను చూసి మిగతావాళ్లు డబ్బాలు, టిఫిన్ గిన్నెలు పట్టుకొచ్చారు.

"నా మూట యాడుండాది పాపా?" అన్నాడు ఈరప్ప.

"ముప్పై ఏడో వంతు చిన్నాయనా."

"ఇందాక ఇరవై అంటివి గదమ్మా!"

అంతలో పావుకిలో ఎండుమిరపకాయలు వచ్చాయి. ల్యాప్‌టాప్‌కు తూకం తెలుసు, ఘాటు తెలియదు. దేవేంద్రప్పకు తెలుసు. అయినా లెక్క చెప్పింది కదా అని పోశాడు. తర్వాత వచ్చిన గిడ్డమ్మ పిండి ఎర్రగా దిగింది. వీధంతా తుమ్ముతుండగా స్తుతి మేడమ్ ఆటో దిగింది.

"ఆ పెద్ద మూట ఎప్పటికవుతుంది?"

శివాని తెర చూసింది. "చిన్నవి వస్తున్నంతసేపూ కాదు మేడమ్."

"నేను రెండుసార్లు చెప్పింది ఇదే."

శివాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కారానివి కావు.

గిడ్డమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సుంకమ్మ ఉన్నప్పుడు ఈ గోల యాడిదప్పా? మూటను వెనక్కి నెట్టినప్పుడల్లా దానిమీద ఒక చింతగింజ పెట్టేది. మూడు పడితే ఎవురొచ్చినా ఆ మూటే ముందు. మిరపకాయలు అన్నీ అయినాంకనే."

మేడమ్ తుమ్మబోయి ఆగింది. "కాచుకున్న కొద్దీ పనికి ముందుకొచ్చే హక్కు పెరగాలి. రాయమ్మా శివానీ, దీన్ని సూత్రంగా రాయి. పాస్ చేస్తా."

గిర్నీలో రెండుసార్లు తవుడు పోసి కారం కడిగారు. ఈరప్ప మూట ఎక్కింది. శివాని సూత్రానికి వాళ్లమ్మ పేరు పెట్టింది.

"అయితే ఆ చింతగింజల డబ్బా యాడికి పాయె?" అంది శివాని.

"అటక మీద," అంది గిడ్డమ్మ. "సుంకమ్మ చెప్పబోతే పిల్లలాటని ఈయప్పే ఆడ పారేసినాడు."

శివాని తండ్రి వైపు తిరిగింది. "అంటే అమ్మ నీకు చెప్పిందే గదా నాయనా?"

దేవేంద్రప్ప రాళ్లు అరిగి మూలపడ్డ రెండో గిర్నీ స్విచ్ కూడా వేశాడు, ఖాళీదే, ఆ మోతలో ఇంకే మాటా వినబడకుండా. ఆ మాట ఎవరెత్తినా ఇప్పటికీ వేస్తాడు.