ఇరవై ఆరు పీకుల టీ

ఈ రోజుల్లో డాక్టరు దగ్గరికి పరిగెత్తడం శుద్ధ దండగ! ఆయన నాడి చూడాలి, పరీక్షలు రాయాలి, మాత్రలివ్వాలి. ఆకుల టీకి అవేవీ అక్కర్లేదు. మీరెవరో, మీ జబ్బేమిటో తెలియకుండానే బాగుచేసేస్తానంటుంది. ఇంతటి మహోపకారాన్ని శంకించే కెమిస్టులు కూడా ఉన్నారంటే నమ్ముతారా? అలాంటి ఒకావిడ సంగతే ఇది.

ఆవిడది ఒక టెస్టింగ్ లాబ్‌లో ఉద్యోగం. ఆకులూ వేళ్ళూ నానబెట్టి, వడగట్టి, ఆ రసాన్ని మిషన్‌లోకి ఎక్కించడం పని. మిషన్ ఆ రసాన్ని విడదీస్తూ తెర మీద గీత గీస్తుంది. ఒక్కో పదార్థం బయటికొచ్చినప్పుడల్లా గీత నిక్కబొడుచుకుంటుంది. దాన్నే పీక్ అంటారు. అది ఫలానాదని చెప్పాలంటే, అదే పదార్థాన్ని స్వచ్ఛంగా తెప్పించి ఎక్కించి, రెండూ ఒకే నిమిషానికి లేస్తున్నాయో లేదో చూడాలట. ఎంత చాదస్తం! లేచిన గీతను లేచినట్టు నమ్మేస్తే పోలా?

ఒకనాడు కొత్తరకం ఆకుల టీ పరీక్షకొచ్చింది. ఇరవై ఆరు పీకులు లేచాయి. నాలుగింటికే పేర్లు దొరికాయి. అవి ఫీనాలిక్ పదార్థాలే, అంటే ఒంట్లో కణాలు పాడవకుండా కాపాడతాయని పేరున్న యాంటీఆక్సిడెంట్లే.

"మిగతావేంటో తేలాలంటే ఇంకో నెల కావాలి సార్," అంది మేనేజర్‌తో.

"కంపెనీవాళ్ళు ఎల్లుండే పెట్టెలు అచ్చు వేయిస్తున్నారమ్మా! ఇరవై ఆరు లేచాయా, లేదా?"

"లేచాయి."

"ఆ ముక్కే రాసెయ్."

రాసి సంతకం పెట్టింది. అబద్ధం కాదుగా! "ఇరవై ఆరు పీకులు కనిపించాయి" అన్న ఆ బక్కచిక్కిన వాక్యం, పెట్టె మీదికి చేరేసరికి "ఇరవై ఆరు యాంటీఆక్సిడెంట్ల రక్షణ! లాబ్‌లో నిరూపితం!" అయి కూర్చుంది. అంత త్వరగా మన పిల్లలైనా ఎదుగుతారా?

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం ఆవిడ అక్క ఇంటికి వెళ్ళింది. వంటగది గట్టు మీద ఆ పెట్టే!

"మీ లాబ్ పేరుందే దీని మీద! చూడగానే కొనేశాను," అంది అక్క మురిసిపోతూ. "మూడు వారాల్నించీ బీపీ మాత్రలు ముట్టుకుంటే ఒట్టు."

"మాత్రలు మానేశావా? ఎవరు మానమన్నారే?"

"ఒకరు చెప్పాలా ఏంటి? మాత్రలో ఉండేది ఒకటే మందు. ఇందులో ఇరవై ఆరు!"

లెక్క తిరుగులేనిది. కాకపోతే ఆ లెక్క చెబుతూ చెబుతూనే అక్క గట్టు పట్టుకుంది. "కళ్ళు తిరుగుతున్నాయే..." అంటూ కిందికి జారిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు బీపీ రెండుసార్లు చూశాడు. "కాస్త ఆలస్యమైతే పక్షవాతం వచ్చేది. ఇలాంటి టీలకి రిపోర్టులు రాసేవాళ్ళననాలి!" అన్నాడు. చెల్లెలు తలెత్తలేదు. మంచం మీది అక్క చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండు రోజులకి అక్కని ఇంటికి పంపారు. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. చెల్లెలు లాబ్‌కి వెళ్ళి రిపోర్టు తిరగరాసింది: "నాలుగు గుర్తించాం. ఇరవై రెండు ఏమిటో తెలియదు. ఇది తాగితే జబ్బు తగ్గుతుందని ఈ పరీక్ష చెప్పదు."

కంపెనీకి ఒళ్ళు మండి ఇంకో లాబ్‌కి పోయింది. అక్కడ రెండు రోజుల్లోనే ముప్ఫై నాలుగు తేలాయి! మేనేజర్ ఆవిడని గదిలోకి పిలిచి కేకలేశాడు.

"ఇంత పెద్ద మిషన్ కొనిపెట్టింది 'తెలియదు' అని రాయడానికా?"

"అందుకే సార్," అంది ఆవిడ.

చూశారా పొగరు! తెలియదని ఒప్పుకోవడానికి అంత చదువెందుకు, అంత మిషనెందుకు? లేబుల్ రాసేవాడికి ఆ రెండూ లేకుండానే అన్నీ తెలిసిపోతుంటే!